ఫోన్ ఆటతో లెక్కలు వస్తాయా?

సంగారెడ్డి జిల్లాలో కల్హేర్ ఒక మండలం. 2016 దాకా ఇది మెదక్ జిల్లాలో ఉండేది. నారాయణఖేడ్ దీనికి దగ్గరి పట్టణం. కర్ణాటక సరిహద్దు ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఈ పక్క ఊళ్ళలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ అన్నీ వినిపిస్తాయి.

ఇప్పుడు చాలా ఇళ్ళలో ఒక ఫోన్ ఉన్నది. అమ్మ పొలం నుంచి వచ్చేసరికి ఆ ఫోన్ పిల్లల చేతిలో ఉంటుంది. బొమ్మలు ఉరుకుతుంటాయి. పిల్లలు తల ఎత్తరు.

"ఎప్పుడు జూడు గా ఆటలేనా? జర లెక్కలు చేసుకోరాదు!" అని అమ్మ కోప్పడుతుంది.

అమ్మ కోపంలో న్యాయం ఉన్నది. కాని ఒక మాట ఆలోచించాలి. ఆ ఆటలోనే లెక్కలు ఉంటే ఎట్లుంటుంది? ఆడుకుంటూ కూడికలు, తీసివేతలు నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. మన దేశంలోనే పరీక్ష చేసి చూశారు. అయితే ఫోన్ ఇచ్చి ఊరుకుంటే చాలదు. పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి పెద్ద చదువులు చదివి ఉండనక్కర లేదు. కొత్తగా చదువు నేర్చిన తల్లి కూడా ఆ పని చేయగలదు. అది ఎట్లాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

లెక్కలంటే భయం ఎందుకు?

కథ చదివేటప్పుడు ఒక పదం తెలియకపోయినా కథ ముందుకు పోతుంది. లెక్క అట్లా కాదు. లెక్క మెట్ల వంటిది. ఒక మెట్టు విరిగితే పై మెట్టు ఎక్కలేం.

కూడిక రాని పిల్లకు గుణకారం రాదు. గుణకారం రాని పిల్లకు భాగాహారం రాదు. తరగతి మాత్రం ముందుకు పోతుంది. పిల్ల వెనుకనే ఉండిపోతుంది.

రెండో కారణం సిగ్గు. బోర్డు మీద లెక్క తప్పు చేస్తే అందరూ చూస్తారు. పక్క పిల్లలు నవ్వుతారు. ఆ పిల్ల మళ్ళా చెయ్యి ఎత్తదు. "నాకు లెక్కలు రావు" అని తనకు తానే చెప్పుకుంటుంది. ఆ మాట చాలా మందిని పెద్దయ్యాక కూడా వదలదు.

ఈ మాట మీలో ఎంత మంది అనుకున్నారు?

తప్పు చేయకుండా ఎవరికీ లెక్క రాదు. రొట్టె చేయడం కూడా అంతే. మొదటి రొట్టె గుండ్రంగా రాదు. చేసి చేసి చెయ్యి తిరుగుతుంది. లెక్కకు కూడా చెయ్యి తిరగాలి. అందుకు రెండు కావాలి. ఎన్నోసార్లు చేయాలి. తప్పు చేసినా సిగ్గు పడకుండా ఉండాలి.

ఫోన్ ఆట ఈ రెండింటికీ పనికి వస్తుంది.

లెక్కల ఆట ఎట్లా ఉంటుంది?

లెక్కల ఆటలు చాలా రకాలు ఉన్నాయి. ఒక రకం చూద్దాం.

ఫోన్ మీద ఒక చెట్టు కనిపిస్తుంది. చెట్టుకు కాయలు ఉంటాయి. ఒక్కో కాయ మీద ఒక్కో అంకె ఉంటుంది. కింద "6 + 3" అని రాసి ఉంటుంది. పిల్ల 9 ఉన్న కాయను వేలితో ఒత్తాలి. సరిగా ఒత్తితే కాయ బుట్టలో పడుతుంది. తప్పు ఒత్తితే కాయ పడదు. పిల్ల మళ్ళా ఒత్తవచ్చు.

ఐదారు లెక్కలు సరిగా చేస్తే ఆట కొంచెం కష్టమవుతుంది. "6 + 3" పోయి "16 + 3" వస్తుంది. తప్పులు ఎక్కువైతే మంచి ఆట మళ్ళా సులువు లెక్కలు ఇస్తుంది. అంటే పిల్ల ఏ మెట్టు మీద ఉన్నదో ఆట కూడా ఆ మెట్టు దగ్గరికే వస్తుంది.

తరగతిలో ఇది కష్టం. టీచర్ ఒక్కరే ఉంటారు. పిల్లలు ముప్పై మంది ఉంటారు. ముప్పై మంది ముప్పై మెట్ల మీద ఉంటారు.

ఇంకో మంచి గుణం కూడా ఉన్నది. ఫోన్ నవ్వదు. తిట్టదు. పదిసార్లు తప్పు చేసినా పదకొండోసారి అడుగుతుంది.

భాష సంగతి కూడా చూడాలి. కల్హేర్ పక్క కొందరు పిల్లలు ఇంట్లో ఒక భాష మాట్లాడుతారు. బడిలో ఇంకో భాష చదువుతారు. పుస్తకంలో లెక్క మాటల్లో ఉంటే వాళ్ళకు ఆ మాటలే అడ్డం పడతాయి. ఆటలో బొమ్మ, అంకె కలిసి ఉంటాయి. చూసి అర్థం చేసుకోవచ్చు.

మన పాత ఆటల్లో లెక్క

ఆటలో లెక్క ఉండటం కొత్త సంగతి కాదు. అష్టాచెమ్మా గుర్తు ఉన్నదా? నాలుగు గవ్వలు వేస్తారు. నాలుగూ ఒక తీరుగా పడితే చెమ్మా. అంటే 4. నాలుగూ ఇంకో తీరుగా తిరిగి పడితే అష్టా. అంటే 8. గవ్వలు పడగానే ఎన్ని గళ్ళు నడవాలో లెక్క పెడతారు. "మూడు పడితే ఆ కాయను కొట్టవచ్చు" అని ముందే ఆలోచిస్తారు. అది కూడికే.

వామనగుంటల ఆటలో గింజలు ఒక్కొక్క గుంటలో వేస్తూ పోతారు. ఏ గుంట నుంచి తీస్తే ఎక్కడ అయిపోతాయో ఊహిస్తారు. అది కూడా లెక్కే.

వైకుంఠపాళిలో గళ్ళకు అంకెలు ఉంటాయి. నిచ్చెన ఎక్కితే అంకె పెరుగుతుంది. పాము మింగితే అంకె తగ్గుతుంది.

ఈ ఆటలు ఆడిన అమ్మమ్మలు బడికి పోకపోయినా నోటి లెక్క చేసేవారు. ఫోన్ ఆట కూడా ఈ ఆటలకు చెల్లెలు వంటిదే. గవ్వల చోట బొమ్మలు వచ్చాయి. నేల మీది గళ్ళు అద్దం మీదికి వచ్చాయి.

వడోదరలో ఏం జరిగింది?

గుజరాత్ రాష్ట్రంలో వడోదర ఒక పెద్ద పట్టణం. అక్కడి మున్సిపాలిటీ బడులకు 2000 సంవత్సరంలో ప్రభుత్వం కంప్యూటర్లు ఇచ్చింది. ఒక్కో బడికి నాలుగు ఇచ్చింది. కాని చాలా చోట్ల వాటిని ఎవరూ వాడలేదు.

2002లో ప్రథమ్ అనే సంస్థ అక్కడ ఒక పని మొదలు పెట్టింది. నాలుగో తరగతి పిల్లలతో కంప్యూటర్ల మీద లెక్కల ఆటలు ఆడించింది. వారానికి రెండు గంటలు ఆడించింది. ఒక కంప్యూటర్ ముందు ఇద్దరు పిల్లలు కూర్చునేవారు. ఆట చూపించడానికి ఆ పక్కవాళ్ళనే కొంతమందిని తయారు చేసింది.

ఇది పని చేసిందా లేదా అని పెద్ద చదువులు చదివిన వారు లెక్క గట్టారు. వారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్నారు. వీరిద్దరికీ 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

వారు కొన్ని బడుల్లో ఆటలు ఆడించారు. కొన్ని బడుల్లో ఆడించలేదు. ఏడాది తర్వాత రెండు రకాల బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టారు.

ఆటలు ఆడిన పిల్లలు లెక్కల్లో ముందున్నారు. రెండో ఏడు లాభం ఇంకా పెరిగింది. చదువులో వెనుకబడ్డ పిల్లలూ, ముందున్న పిల్లలూ, ఇద్దరూ లాభపడ్డారు.

కాని ఇంకో సంగతి కూడా తేలింది. ఆటలు ఆపిన ఏడాదికి మళ్ళా చూశారు. లాభం కొంత మిగిలింది. చాలా వరకు తగ్గిపోయింది. అంటే లెక్క వాడుతూ ఉండాలి. వాడకపోతే కొడవలికి తుప్పు పట్టినట్టు లెక్కకూ తుప్పు పడుతుంది.

తెలుగు బడుల్లో

తెలుగు నాట కూడా ఇట్లాంటి పని జరిగింది. 2000 తర్వాతి సంవత్సరాల్లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ పాఠాల సీడీలు తయారు చేసింది. పాఠాలను కథలుగా, ఆటలుగా మలిచింది. కొన్ని సీడీలు తెలుగులో వచ్చాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని ప్రభుత్వ బడుల్లో వాటిని వాడారు. తర్వాత ఆ సంస్థవారే ఒక మాట ఒప్పుకున్నారు. కంప్యూటర్ ఒక్కటే చదువును బాగు చేయలేదని చెప్పారు. టీచర్ చెయ్యి కలవాలని తేలింది.

2025లో తెలంగాణ ప్రభుత్వం ఇంకో పని మొదలు పెట్టింది. ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో కొన్ని ప్రాథమిక బడుల్లో కంప్యూటర్ పాఠాలు పెట్టింది. చదవడం, లెక్కలు సరిగా రాని చిన్న తరగతుల పిల్లల కోసం ఈ పాఠాలు. మీ ఊరి బడిలో ఇవి ఉన్నాయా? టీచర్‌ను అడగండి. అడగడం తల్లిదండ్రుల హక్కు.

అంగడి లెక్క, బడి లెక్క

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. జాగ్రత్తగా చదవండి.

కోల్‌కతా, ఢిల్లీ అంగళ్ళలో కూరగాయలు అమ్మే పిల్లలు ఉంటారు. 1400 మందికి పైగా ఇట్లాంటి పిల్లలను పరీక్షించారు. ఆ సంగతులు 2025లో అచ్చయ్యాయి. ఈ పిల్లలు అంగట్లో లెక్కలు చకచకా చేశారు. కిలో ఇంత, ముప్పావు కిలో ఎంత, తిరిగి ఇవ్వాల్సింది ఎంత, అన్నీ నోటితోనే చెప్పారు. కాని బడిలో రాసినట్టు కాగితం మీద లెక్క ఇస్తే చాలా మంది తడబడ్డారు.

ఇక బడికి పోయే పిల్లల సంగతి దీనికి ఎదురు. కాగితం మీది లెక్క చేశారు. అంగడి లెక్క అడిగితే తడబడ్డారు.

ఒకే లెక్క. రెండు చోట్ల. రెంటి నడుమ దారి లేదు.

ఢిల్లీలో చిన్న పిల్లలతో చేసిన ఇంకో పరీక్ష 2017లో అచ్చయింది. అందులో 1,540 మంది పిల్లలు ఉన్నారు. వారితో నాలుగు నెలలు చేతి ఆటలు ఆడించారు. ఏ కుప్పలో చుక్కలు ఎక్కువ, ఏ బొమ్మ వేరుగా ఉన్నది అనే ఆటలు అవి. పిల్లలకు ఆ తెలివి పెరిగింది. చాలా నెలలు నిలిచింది కూడా. కాని వాళ్ళు ఒకటో తరగతికి పోయాక బడి లెక్కల్లో లాభం కనిపించలేదు. ఆటలోని తెలివి పలక మీది అంకెల దాకా రాలేదు.

కాబట్టి ఆటకూ, పలకకూ, అంగడికీ నడుమ ఎవరో ఒకరు దారి వేయాలి. ఆ పని ఫోన్ తనంత తాను చేయదు. ఇంట్లో తల్లి చేయగలదు.

తల్లి చేయగల పని

ఒక తల్లి, నాలుగో తరగతి చదివే బిడ్డ ఉన్నారనుకుందాం. బిడ్డ ఫోన్‌లో లెక్కల ఆట ఆడింది. తల్లి రొట్టెలు చేస్తూ అడుగుతున్నది.

"ఇప్పుడు ఏం లెక్క గెలిచినవ్ బిడ్డా?"

"8, 7 కలిపిన అమ్మా. 15 ఒత్తిన."

"15 ఎట్ల వచ్చింది?"

"8కి 2 ఇస్తే 10 అయింది. 7ల నుంచి 2 పోతే 5 మిగిలినయ్. 10, 5 పదిహేను."

"మంచిగ చెప్పినవ్. గది పలక మీద రాయి."

బిడ్డ 8 + 7 = 15 అని రాసింది.

"పొద్దున మనం పక్కింటి వదినకు 8 గుడ్లు ఇచ్చినం. సంఘం అక్కకు 7 ఇచ్చినం. మొత్తం ఎన్ని ఇచ్చినం?"

"గది గూడ 15 యే గద అమ్మా! అదే లెక్క!"

ఈ తల్లి ఏం చేసింది? మూడు పనులు చేసింది.

ఒకటి. "ఎట్ల వచ్చింది?" అని అడిగింది. ఆటలో గుడ్డిగా ఒత్తి కూడా గెలవవచ్చు. ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ఆలోచించాలి.

రెండు. పలక మీద రాయించింది. ఆటలోని అంకె పలక మీదికి వచ్చింది.

మూడు. ఇంటి లెక్కతో కలిపింది. గుడ్ల లెక్క, ఆట లెక్క ఒకటే అని బిడ్డ కనిపెట్టింది.

ఈ తల్లికి పెద్ద లెక్కలు రావాల్సిన పని లేదు. జవాబు తప్పో ఒప్పో తెలియకపోయినా ఫరవాలేదు. "గింజలు పెట్టి చూపియ్యి" అంటే చాలు.

బిడ్డ 13 లో నుంచి 8 తీస్తే 4 అన్నదనుకోండి. "తప్పు" అని అరవవద్దు. 13 చింతగింజలు పెట్టించండి. అందులో 8 పక్కకు తీయించండి. మిగిలినవి లెక్కించమనండి. 5 వస్తాయి. తప్పు ఎక్కడ జరిగిందో బిడ్డకే తెలుస్తుంది.

మీకు తెలిసిన లెక్కలు ఎన్నో

"నాకు లెక్కలు రావు" అనే అక్కలు ఎన్ని లెక్కలు చేస్తున్నారో చూడండి.

అంగట్లో టమాటలు కిలో 30 రూపాయలు. కిలోన్నర కొన్నారు. 30కి సగం 15. రెండూ కలిపితే 45. నూరు రూపాయల నోటు ఇచ్చారు. ఎంత తిరిగి రావాలి? 45కు 5 కలిపితే 50. 50కి ఇంకో 50 కలిపితే నూరు. అంటే 55 రావాలి.

బడిలో ఇదే లెక్కను 100 − 45 = 55 అని రాస్తారు. వాళ్ళు పక్క అంకె నుంచి పది తెచ్చుకుని తీసివేస్తారు. మీరు కలుపుకుంటూ పోయారు. రెండు దారులూ సరైనవే. రెండు దారులూ ఒకే ఊరికి చేరుతాయి.

43 అంటే ఏమిటి? పది రూపాయల నోట్లు నాలుగు. రూపాయి బిళ్ళలు మూడు. 34 అంటే? పది నోట్లు మూడు, బిళ్ళలు నాలుగు. అవే అంకెలు చోటు మారితే విలువ మారింది. బడిలో దీన్ని స్థానవిలువ అంటారు. చాలా మంది పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. నోట్లు, బిళ్ళలు చూపిస్తే తొందరగా అర్థమవుతుంది.

పాత కొలతలు గుర్తున్నాయా? రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. అంటే సోల మానికలో నాలుగో వంతు. బడిలో దాన్ని 1/4 అని రాస్తారు. తవ్వ సగం. దాన్ని 1/2 అని రాస్తారు. భిన్నాలు అంటే ఇవే.

సంఘంలో 12 మంది ఉన్నారు. ఒక్కొక్కరు నెలకు 100 రూపాయలు పొదుపు చేస్తారు. నెలకు ఎంత? 1,200. అది గుణకారం. మీరు నెలనెలా చేస్తున్నారు.

ఈ లెక్కలు పిల్లల ముందు బయటికి చెప్పండి. నోటితో చేసే లెక్క పిల్లలకు వినపడాలి.

ఫోన్ లేకుంటే?

ఫోన్ లేని ఇల్లు కూడా ఉంటుంది. ఒకటే ఫోన్ ఉంటే అది ఇంటాయన వెంట పోతుంది. అయినా ఆట ఆడించవచ్చు.

అమెరికా దేశంలో పేదింటి చిన్న పిల్లలతో ఒక పరీక్ష చేశారు. దాని ఫలితం 2008లో అచ్చయింది. ఒక అట్ట మీద వరుసగా పది గళ్ళు గీశారు. 1 నుంచి 10 దాకా అంకెలు వేశారు. పిల్లలు ఒకటో, రెండో గళ్ళు నడిచేవారు. నడుస్తూ ఆ గడి అంకెను పైకి చదివేవారు. కొద్ది వారాల్లో కొన్నిసార్లు ఆడించారు. ఒక్కసారికి 15, 20 నిమిషాలే.

ఆ పిల్లలకు అంకెలు బాగా వచ్చాయి. ఏది పెద్ద అంకె, ఏది చిన్న అంకె అని చెప్పగలిగారు. 9 వారాల తర్వాత చూసినా మరిచిపోలేదు. ఇంకొందరు పిల్లలకు అంకెలు లేకుండా రంగు గళ్ళు ఇచ్చారు. వాళ్ళకు ఆ లాభం రాలేదు. గళ్ళలో అంకెలు ఉండటం, వాటిని పైకి చదవడం, ఈ రెంటిలోనే కిటుకు ఉన్నది.

ఈ ఆట మీ ఇంట్లో ఇట్లా ఆడండి.

సుద్దతో గాని బొగ్గుతో గాని నేల మీద వరుసగా పది గళ్ళు గీయండి. 1 నుంచి 10 దాకా అంకెలు వేయండి. ఒక చింతగింజను రెండుగా పగలగొట్టండి. రెండు బద్దలు వస్తాయి. వాటి లోపలి పక్క తెల్లగా ఉంటుంది. రెండూ కలిపి వేయండి. ఒకటి తెల్లగా పడితే ఒక గడి నడవాలి. రెండూ తెల్లగా పడితే రెండు గళ్ళు నడవాలి. ఏదీ తెల్లగా పడకపోతే మళ్ళా వేయాలి. నడిచేటప్పుడు గడిలోని అంకెను గట్టిగా చదవాలి. 4లో ఉండి రెండు నడిస్తే "ఐదు, ఆరు" అనాలి. "ఒకటి, రెండు" అనవద్దు.

పిల్లలకు ఇది సులువైతే 100 దాకా గళ్ళు గీయండి. మీకూ అంకెలు చదవడం అలవాటవుతుంది.

మంచి ఆటను ఎట్లా గుర్తు పట్టాలి?

లెక్కల ఆట అని పేరు ఉన్నవన్నీ లెక్క నేర్పవు. ఈ నాలుగు సంగతులు చూడండి.

లెక్క చేయకుండా గెలవడం కుదురుతుందా? కుదిరితే అది లెక్కల ఆట కాదు.

తప్పు చేస్తే మళ్ళా చేయనిస్తుందా? మంచి ఆట మళ్ళా చేయనిస్తుంది.

ఆలోచించడానికి సమయం ఇస్తుందా? కొన్ని ఆటలు గడియారం పెట్టి తరుముతాయి. కొత్తగా నేర్చేవారికి అవి వద్దు.

నడుమ నడుమ ప్రకటనలు వస్తున్నాయా? పైసలు అడుగుతున్నదా? అట్లాంటి ఆట తీసేయండి.

పైసలు లేకుండా దొరికే మంచి ఆటలు ఉన్నాయి. బెంగళూరులోని అక్షర ఫౌండేషన్ "బిల్డింగ్ బ్లాక్స్" అనే ఆటల యాప్ తయారు చేసింది. బడి పిల్లల లెక్కల పాఠాలే అందులో ఆటలుగా ఉన్నాయి. అది ఉచితం. కేంద్ర ప్రభుత్వం 2017లో "దీక్ష" అనే యాప్ తెచ్చింది. అందులో తెలుగు పాఠాలు కూడా ఉన్నాయి. ఫోన్‌లో ఎక్కించడం తెలియకపోతే బడి టీచర్‌ను గాని, ఊర్లో చదువుకున్న పిల్లలను గాని అడగండి.

పైసల ఆటతో జాగ్రత్త

కొన్ని ఫోన్ ఆటలు పైసలు పెట్టి ఆడేవి. రమ్మీ వంటివి. మొదట కొంచెం గెలిపిస్తాయి. తర్వాత ఊడ్చుకుపోతాయి. వీటి వల్ల అప్పులపాలైన ఇళ్ళు ఉన్నాయి.

తెలంగాణ ప్రభుత్వం 2017లోనే పైసలు పెట్టి ఆడే ఫోన్ ఆటలను నిషేధించింది. 2025లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ చట్టం చేసింది. చట్టం ఉన్నా మోసగాళ్ళు ఉంటారు.

బ్యాంకు ఖాతా ఉన్న ఫోన్‌ను పిల్లల చేతికి ఊరికే ఇవ్వవద్దు. రహస్య నంబరు పిల్లలకు చెప్పవద్దు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. పైసలు పోయాయని తెలిస్తే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి.

ఎంతసేపు ఆడాలి?

వడోదర పిల్లలు వారానికి రెండు గంటలే ఆడారు. అంటే రోజుకు 20 నిమిషాల లోపే. అంత చాలు. ఆట అయిపోగానే పలక పట్టాలి. తర్వాత బయటికి పోయి ఉరకాలి, దుంకాలి.

చిన్న పిల్లల సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక మాట చెప్పింది. ఏడాది లోపు పిల్లలకు ఫోన్, టీవీ అసలే చూపవద్దు. 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకు రోజుకు గంట మించవద్దు. తక్కువైతే ఇంకా మంచిది. అన్నం తినడం లేదని ఫోన్ చూపే అలవాటు మంచిది కాదు.

ఆడపిల్ల వంతు

ఇంట్లో ఒక ఫోన్ ఉంటుంది. ఇద్దరు పిల్లలు ఉంటారు. ఫోన్ ఎవరి చేతికి పోతుంది? చాలా ఇళ్ళలో కొడుకు చేతికే పోతుంది. ఆ సమయంలో బిడ్డ నీళ్ళు తెస్తుంటుంది. బోళ్ళు తోముతుంటుంది.

తర్వాత "ఆడపిల్లకు లెక్కలు రావు" అంటారు. రావడానికి ఆమెకు వంతు ఇచ్చారా?

వంతులు గోడ మీద రాయండి. కొడుకుకు 20 నిమిషాలు, బిడ్డకు 20 నిమిషాలు. వడోదరలో లాగ ఇద్దరినీ ఒకే ఫోన్ ముందు కూర్చోపెట్టవచ్చు. ఒక లెక్క అన్న చేయాలి. ఒక లెక్క చెల్లె చేయాలి. బోళ్ళు కూడా అట్లనే వంతు వేయండి.

లెక్క వచ్చిన ఆడపిల్లను కూలి దగ్గర మోసం చేయలేరు. కాంటా దగ్గర మోసం చేయలేరు. వడ్డీ దగ్గర మోసం చేయలేరు. పెద్ద చదువులకు పోవాలన్నా లెక్క కావాలి. ఇది మీకు తెలిసిన సంగతే. లెక్క రాక ఎక్కడెక్కడ నష్టపోయారో మీరే చెప్పగలరు.

ఇంకో లాభం కూడా ఉన్నది. బిడ్డ పక్కన కూర్చుంటే తల్లికీ లెక్క వస్తుంది. ఇద్దరూ తప్పులు చేస్తారు. ఇద్దరూ దిద్దుకుంటారు. "అమ్మకు గూడ తప్పు పోతది" అని బిడ్డ చూస్తే ఆమె సిగ్గు సగం పోతుంది.

గుర్తు పెట్టుకోండి

1. లెక్క రావాలంటే ఎన్నోసార్లు చేయాలి. తప్పుకు భయపడవద్దు.
2. ఫోన్ ఆట లెక్కకు సాయం చేస్తుంది. పక్కన మనిషి కూడా ఉండాలి.
3. "ఎట్ల వచ్చింది?" అని అడగండి. పలక మీద రాయించండి. ఇంటి లెక్కతో కలపండి.
4. రోజుకు 20 నిమిషాలు చాలు.
5. పైసల ఆట వద్దు.
6. ఆడపిల్లకు సమానంగా వంతు ఇవ్వండి.

చేసి చూడండి

1. మీ ఇంట్లో ఈ రోజు చేసిన మూడు నోటి లెక్కలు చెప్పండి. వాటిని అంకెల్లో రాయండి.
2. వంకాయలు కిలో 40 రూపాయలు. రెండున్నర కిలోలు కొంటే ఎంత? 200 రూపాయల నోటు ఇస్తే ఎంత తిరిగి వస్తుంది?
3. పది గళ్ళ ఆట గీసి పిల్లలతో ఆడండి. ఎవరు గెలిచారు?
4. మీ ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉంటుంది? సంఘంలో మాట్లాడుకోండి.
5. ఈ పాఠం మీ పిల్లలకు చదివి వినిపించండి.